బోడుప్పల్ ప్లాట్ అమ్మాలి: ఏజెంట్‌కి అప్పజెప్పాలా, మనమే చూసుకోవాలా?

శైలజ_బెంగళూరు
అందరికీ నమస్కారం. మా నాన్నగారి పేరు మీద బోడుప్పల్‌లో 200 గజాల ప్లాట్ ఉంది. 1998లో కొన్నారు, పాత గ్రామపంచాయతీ లేఅవుట్. అమ్మానాన్నలు రాజమండ్రిలో, నేను బెంగళూరులో. హైదరాబాద్‌లో మాకంటూ ఎవరూ లేరు. ప్లాట్ అమ్మేసి రాజమండ్రిలోనే లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ తీసుకుందామని నాన్న పట్టుదల.

ఆన్‌లైన్‌లో ప్రకటన పెట్టానో లేదో, ఫోన్లు మొదలు. "ఓనరేనా మేడం? డైరెక్ట్ పార్టీ ఉంది" అంటారు. తీరా మాట్లాడితే అందరూ ఏజెంట్లే. చివరికి ముగ్గురు తేలారు. ఒకాయన 2 శాతం కమీషన్ అన్నాడు. రెండో ఆయన "గజానికి 32 వేలు మీకు నెట్, ఆపైన ఎంతకి పోయినా నాది" అన్నాడు. మూడో ఆయన "2 లక్షలు ఇప్పుడే ఇస్తా, నా పేరున అగ్రిమెంట్ రాయండి, 3 నెలలు టైమ్ ఇవ్వండి, పార్టీని నేనే తెచ్చి నేరుగా వాళ్ల పేరు మీద రిజిస్ట్రేషన్ చేయిస్తా" అంటున్నాడు.

చేతిలో డబ్బు పడుతుంది కదా అని నాన్న మూడో ఆయన వైపు మొగ్గుతున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలు ఏజెంట్ లేకుండా కుదరదా?

ఉప్పల్‌వాసి
మూడోది ససేమిరా వద్దు. రెండోది కూడా వద్దు.

రెండో ఆయన లెక్క చూడండి. మీ లైన్‌లో రేటెంతో నేను చెప్పలేను, రోడ్డు వెడల్పుని బట్టి పక్క గల్లీకే మారిపోతుంది. 36 వేలకి పోయిందనుకుందాం. గజానికి 4 వేల చొప్పున 200 గజాలకి 8 లక్షలు ఆయన జేబులోకి. అదే 72 లక్షల మీద 1 శాతం ఇచ్చినా 72 వేలు, 2 శాతం అయితే 1 లక్షా 44 వేలు. "నాకు కమీషన్ వద్దు మేడం" అన్నవాడే అందరికంటే ఖరీదైనవాడు.

పైగా నెట్ బేరంలో అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ కలవనివ్వరు. మీరెంత చెప్పారో వాళ్లకి తెలియకూడదు, వాళ్లెంత ఇస్తున్నారో మీకు తెలియకూడదు. రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా మిమ్మల్నొక బల్ల మీద, వాళ్లనొక బల్ల మీద కూర్చోబెట్టి, మధ్యలో ఈయన ఫైల్ పట్టుకుని తిరుగుతుంటాడు. మా వీధిలో ఇల్లు అమ్మినప్పుడు కళ్లారా చూశాను.

నెల్లూరు_రొయ్య
నా ఓటు ఏజెంట్ వద్దనే. మా నెల్లూరులో అంకణాల లెక్క, అంకణం అంటే 8 గజాలు. మా అత్తగారి 30 అంకణాలు అమ్మాల్సి వచ్చినప్పుడు ఏజెంట్లు తెచ్చిన ప్రతి పార్టీ ఏదో వంక పెట్టి రేటు కోసేది. ఆఖరికి ఎవరు కొన్నారు? పక్క స్థలం ఆయన! రెండూ కలిస్తే ఆయనకి మూల బిట్టు అవుతుంది, అందుకని అందరికంటే ఎక్కువే పెట్టాడు. ఆయన్ని ముందే అడగాలని ఒక్క ఏజెంట్ కూడా అనలేదు. ఎందుకంటారు మరి, కమీషన్ రాదుగా.

శైలజ గారూ, చుట్టుపక్కల ఇళ్లవాళ్లని మొదట అడగండి. ప్లాట్‌లో ఫోన్ నంబర్‌తో బోర్డు పాతండి. కాలనీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టించండి. పైసా ఖర్చు లేదు.

సైట్_మల్లేష్
నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్న. తిట్టేవాళ్లు ఎలాగూ తిడతారు, ముందు నాదో ప్రశ్న. మేడం, మీరు గానీ మీ నాన్నగారు గానీ ఇవ్వాళ వచ్చి, మీ ప్లాట్ ఇదీ అని వేలు పెట్టి చూపించగలరా?

98 నాటి పంచాయతీ లేఅవుట్ అంటే అప్పుడు తెల్ల సున్నం గీతలు, నాలుగు హద్దు రాళ్లు. ఇప్పుడు రాళ్లుండవు, సర్కారు తుమ్మ మొలిచి ఉంటుంది, పక్కాయన కాంపౌండ్ వాల్ మీ వైపు రెండడుగులు జరిగి ఉంటుంది. లేఅవుట్‌లో 30 అడుగుల రోడ్డు అని ఉంటది, సైట్‌లో 25 కూడా ఉండదు. మొన్నొక ప్లాట్ కోసం నేనూ మా హెల్పరూ వాటర్ ట్యాంక్ దగ్గర టేప్ పెట్టి, ప్లాన్ జిరాక్స్ చేతిలో పట్టుకుని, ఒక్కో ప్లాట్ దాటుకుంటూ కొలుచుకుంటూ పోయినం. చూస్తే ఓనర్ తనదనుకుని ఫెన్సింగ్ వేసింది పక్క నంబర్‌లో! ఇదంతా వాట్సాప్ గ్రూప్ చేయదన్నా.

ఎండలో పది పార్టీలకి చూపిస్తే ఒకటి కుదురుద్ది. కుదిరినాక ఇద్దరూ ఫోన్ నంబర్లు మార్చుకుని మమ్మల్ని పక్కన పెడతరు. నెట్ రేటు అడిగేవాళ్లు ఎందుకు పుట్టిర్రంటే ఇందుకే. తప్పే, కాదనను. కానీ ఊరికే పుట్టలేదు.

నెల్లూరు_రొయ్య
మల్లేష్ అన్నా, కొలిచేది సర్వేయర్ పని కదా. దానికి లక్షన్నర ఎందుకు?

సైట్_మల్లేష్
కొలిచినందుకు కాదన్నా. కొనేవాడిని నిలబెట్టినందుకు. కొనేటాయన ఇంటికి పోయి భార్యతో మాట్లాడినాక మనసు మారుద్ది, తమ్ముడితో మాట్లాడినాక ఇంకోసారి మారుద్ది. బయానా ఇచ్చినోడు రిజిస్ట్రేషన్ దాకా జారిపోకుండా చూసుడే అసలు పని.

కొత్తపేట_వకీలు
మల్లేష్ గారు చెప్పినదాంట్లో నిజముంది. ఏజెంట్ పార్టీని తెస్తాడు, టైటిల్‌ని, అంటే చిక్కుల్లేని యాజమాన్య హక్కుని, తేడు. ఆ రెండింటికీ ఒకే మనిషిని నమ్ముకునేవాళ్లే నా దగ్గరికి కేసులతో వస్తుంటారు.

ముందు మూడో ఆయన సంగతి. ఆ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన క్షణం నుంచి ఆయన మీకు ఏజెంట్ కాదు, కొనుగోలుదారు. 2 లక్షలతో 70 లక్షల ఆస్తిని గుప్పిట్లో పెట్టుకుంటాడు. రేటు పెరిగితే లాభం ఆయనది. పార్టీ దొరక్కపోతే ఇంకో 3 నెలలు అంటాడు. మీరు కాదంటే కోర్టులో స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా, అంటే ఒప్పుకున్నట్టే రిజిస్టర్ చేయించమనే దావా, వేస్తాడు. దావాకి 3 ఏళ్ల గడువుంటుంది, అగ్రిమెంట్ రిజిస్టర్ కాకపోయినా వేయొచ్చు. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించాక ఇలాంటి దావాల్లో కోర్టు విచక్షణ బాగా తగ్గింది. చివరికి మీరే గెలవొచ్చు, కానీ కేసు నడుస్తున్న ప్లాట్‌ని ఎవరు కొంటారు?

ఇంకొన్నాళ్లకి "అగ్రిమెంట్ కమ్ జీపీఏ (అమ్మకం ఒప్పందంతోపాటు మీ తరఫున అమ్మే అధికారం రాసిచ్చే కాగితం) చేయించుకుందాం సార్, మీరు మళ్లీమళ్లీ రానక్కర్లేదు" అని మీ నాన్నగారిని అడుగుతారు. పెద్దవాళ్లకి అది వినసొంపుగా ఉంటుంది. చేయకండి. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. అయినా ఆ కాగితం రిజిస్టర్ అయితే ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టాలో) ఎక్కి కూర్చుంటుంది, తీయించడం తలనొప్పి.

ఇక బోడుప్పల్ అన్నారు కాబట్టి ఇదొకటి. అక్కడ కొన్ని సర్వే నంబర్లు వక్ఫ్ వివాదంలో పడి, 22ఏ నిషేధిత జాబితాలోకి (రిజిస్ట్రేషన్లు చేయని ఆస్తుల జాబితా) వెళ్లాయి. ఇళ్లు కట్టుకున్నవాళ్లకే అమ్మకాలు ఆగిపోయాయి. మీ దస్తావేజులోని సర్వే నంబర్ని రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితాలో ఈ రాత్రే చూడండి. ఉందంటే ఏజెంట్ ఉండాలా వద్దా అనే చర్చే అనవసరం.

చిట్టి_చిలకలగూడ
ఏజెంట్‌కి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉందో లేదో చూడండి శైలజా. లేనివాళ్లతో మాట్లాడటమే వద్దు. రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్‌కి రోజుకి 10 వేల చొప్పున జరిమానా ఉంది.

కొత్తపేట_వకీలు
చిట్టి గారూ, జరిమానా మాట నిజమే, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా వెళ్లొచ్చు. కానీ 2016 రెరా చట్టం 9వ సెక్షన్ చెప్పేది రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్ల గురించి. 1998 నాటి ప్లాట్‌ని ఒక ఓనర్ ఇంకొకరికి అమ్ముకోవడం దాని కిందికి రాదు. రెరా నంబర్ ఉంటే మంచిదే. చిరునామా ఉన్న మనిషి అని తెలుస్తుంది. అది లేనంత మాత్రాన మోసగాడనీ కాదు, ఉన్నంత మాత్రాన మీ టైటిల్ చూసిపెడతాడనీ కాదు. అదే కొత్త వెంచర్‌లో కొనేటప్పుడైతే ప్రాజెక్టుకీ ఏజెంట్‌కీ రెండింటికీ నంబర్ ఉండి తీరాలి.

సోమాజిగూడ_సీతయ్య
ప్రీ లాంచ్‌లో నాకు ఒక ఏజెంట్ అంటగట్టిన ఫ్లాట్ గురించి ఇక్కడ అడగొచ్చా? డబ్బంతా ఒకేసారి కడితే సగం ధర అన్నారు, ఇంకా పునాది కూడా తీయలేదు.

మోడరేటర్
సీతయ్య గారూ, మీది వేరే చర్చగా మార్చాను, అక్కడ ఇప్పటికే ఇద్దరు సమాధానం రాశారు. ఇక్కడ పాత ప్లాట్ల అమ్మకం వరకే ఉంచుదాం.

డల్లాస్_తమ్ముడు
ఇక్కడ అమెరికాలో ఇల్లు కొన్నవాడిగా నా రెండు ముక్కలు. ఇక్కడ రియల్టర్‌కి ఇచ్చే శాతం మన దగ్గరకంటే చాలా ఎక్కువ. కానీ అడ్వాన్స్ డబ్బు ఏజెంట్ చేతికి రాదు, టైటిల్ కంపెనీ దగ్గర ఎస్క్రోలో (బేరం పూర్తయ్యేదాకా ఎవరూ ముట్టుకోని ఖాతాలో) ఉంటుంది. టైటిల్ వెతికేది వాళ్లే, దానికి ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది. 2024 ఆగస్టు నుంచి కొనేవాళ్ల ఏజెంట్ ఇల్లు చూపించాలంటే ముందే కమీషన్ ఎంతో రాతపూర్వకంగా ఒప్పందం ఉండాలి.

మియాపూర్‌లో మా ఫ్లాట్ అమ్మినప్పుడు ఇవేవీ లేవని అప్పుడర్థమైంది. రిజిస్ట్రార్ ఆఫీసులో కాగితం రిజిస్టర్ చేస్తారు, అంతే. అమ్మేవాడికి హక్కు ఉందా లేదా అని పూచీ పడరు. అందుకని నేను ఏజెంట్‌కి 1 శాతం ఇచ్చాను, లాయర్‌కి వేరుగా ఫీజు ఇచ్చాను. ఏజెంట్ "మా లాయర్ ఉన్నాడు సార్, ఫ్రీగా చూస్తాడు" అన్నాడు. దండం పెట్టాను.

ఉప్పల్‌వాసి
"మా లాయర్ ఫ్రీ" 😂 అది అన్ని చోట్లా ఉంది తమ్ముడూ.

శైలజ_బెంగళూరు
అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పటిదాకా తేలినవి చెప్తాను.

సర్వే నంబర్ నిషేధిత జాబితాలో లేదు, ప్రాణం కుదుటపడింది. ఈసీ కూడా ఆన్‌లైన్‌లో చూశాను, 1983 నుంచి వస్తోంది. లేఅవుట్ వేసినవాళ్ల నుంచి ఒకరికి, ఆయన నుంచి నాన్నకి. ఆ తర్వాత ఏమీ లేదు. లింక్ డాక్యుమెంట్ (నాన్నకి అమ్మినాయన కొన్నప్పటి దస్తావేజు) జిరాక్సే ఉంది, ఒరిజినల్ లేదు. 2020లో నాన్న వెయ్యి రూపాయలు కట్టి ఎల్ఆర్ఎస్‌కి (అనధికార లేఅవుట్ ప్లాట్ల క్రమబద్ధీకరణకి) దరఖాస్తు పెట్టారట, రసీదు దొరికింది. మిగతా ఫీజు కట్టలేదు.

నాన్నకి వకీలు గారి పోస్టు ఫోన్‌లో చదివి వినిపించాను. "2 లక్షలకి చేతులు కట్టేసుకోవడమా" అని మూడో ఆయనకి తనే ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. ఆయన వెంటనే 5 లక్షలు ఇస్తానన్నాడట!

మల్లేష్ గారి ప్రశ్నకి నిజాయతీగా జవాబు: చూపించలేం. నాన్న ఆఖరిసారి వెళ్లినప్పుడు రాళ్లు రెండే ఉన్నాయట.

కొత్తపేట_వకీలు
2 లక్షలు 5 లక్షలయ్యాయంటే మీ ప్లాట్‌కి పార్టీ ఇప్పటికే ఆయన దగ్గర ఉన్నట్టుంది. రేటు చెప్పేటప్పుడు అది గుర్తుపెట్టుకోండి.

లింక్ డాక్యుమెంట్‌కి రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది, తీసి ఉంచండి. ఎల్ఆర్ఎస్ పెండింగ్‌లో ఉన్నా మీ ప్లాట్ అమ్మొచ్చు. 2020 ఆగస్టులో అనధికార లేఅవుట్ల రిజిస్ట్రేషన్లు ఆపినా, అప్పటికే రిజిస్టరైన ప్లాట్లకి ఆ డిసెంబర్‌లోనే సడలింపు ఇచ్చారు. కాకపోతే ఎల్ఆర్ఎస్ లేకుండా కొనేవాళ్లకి లోన్, ఇంటి పర్మిషన్ ఇబ్బంది. ఆ వంకతో రేటు తగ్గించి అడుగుతారు. ఫీజు మీరే కట్టేసి అమ్మితే లాభమా, ఉన్నది ఉన్నట్టు అమ్మితే లాభమా అని లెక్క వేసుకోండి.

ఇంకోటి, దస్తావేజు జిరాక్సులు అడిగిన ప్రతివాడికీ వాట్సాప్ చేయకండి. ఓనర్ ఊళ్లో లేని, వయసు మళ్లినవాళ్ల ఖాళీ ప్లాట్లే దొంగ రిజిస్ట్రేషన్ల వాళ్లకి కావాలి. మొదటి పేజీలో సంతకం కనబడకుండా చేసి, అడ్డంగా "పరిశీలన కోసం మాత్రమే" అని రాసి పంపండి. ఒరిజినల్ ఎవరి చేతికీ వద్దు.

లెక్కల_మాస్టారు
ఇంతమంది మాట్లాడారు, పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదే.

ఏజెంట్‌కి ఇచ్చే కమీషన్ అమ్మకపు ఖర్చు కింద క్యాపిటల్ గెయిన్స్‌లోంచి తీసేయొచ్చు. కానీ రసీదు ఉండాలి, బ్యాంకు ద్వారా ఇచ్చి ఉండాలి. నెట్ రేటు ఆయనకి పైన మిగిలే 8 లక్షలకి రసీదు ఎవరిస్తారు? కొనేవాళ్లు మొత్తం 72 లక్షలు చూపించి రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పన్ను లెక్క మీ నాన్నగారి నెత్తిన పడుతుంది, డబ్బు మాత్రం ఇంకొకరి దగ్గర ఉంటుంది.

1998లో కొన్నది కాబట్టి కొన్న ధర బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అప్పటి రిజిస్ట్రేషన్ విలువకి మించకుండా. 2024 జూలై 23కి ముందు కొన్న స్థలం గనక, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న విలువని పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండింట్లో ఏది తక్కువైతే అది. రాజమండ్రిలో ఫ్లాట్ కొంటున్నారు కాబట్టి దాని మీద మినహాయింపు కూడా దొరకొచ్చు, ఆడిటర్‌ని ముందే కలవండి. అమ్మినాక కాదు.

50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ పట్టుకుని మీ నాన్నగారి పాన్ మీద కట్టాలి. చాలామంది ఏజెంట్లు ఇది చివరి రోజు చెప్తారు, అక్కడ గొడవ మొదలవుతుంది. బయానా నగదుగా తీసుకోవద్దు. స్థలం లావాదేవీలో 20 వేలు, అంతకుమించి నగదు అడ్వాన్స్ తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు.

డల్లాస్_తమ్ముడు
మాస్టారూ, ఎన్నారైలు అమ్మితే టీడీఎస్ 1 శాతం కాదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి. మా ఏజెంట్‌కి ఆ సంగతే తెలియదు. కొనేవాళ్లకి చెప్పి చేయించింది మా ఆడిటరే.

శైలజ_బెంగళూరు
మాస్టారు గారూ, ప్రింట్ తీసి నాన్నకి పంపిస్తున్నాను.

నా ఆలోచన ఇలా ఉంది. ముందు కొలతలు, తర్వాత చుట్టుపక్కల వాళ్లని అడగడం. నెలలో కుదరకపోతే 1 శాతానికి ఏజెంట్. లాయర్‌ని మాత్రం మేమే పెట్టుకుంటాం. ఏజెంట్‌తో కాగితం రాసుకోవాలంటే ఏం రాయాలి? ఒక్కరికే ఇవ్వాలా, నలుగురికీ చెప్పాలా?

ఉప్పల్‌వాసి
ముగ్గురికి చెప్పండి. ఒక్కడికే ఇస్తే నిద్రపోతాడు.

సైట్_మల్లేష్
నలుగురికి చెప్తే నాలుగు రేట్లు తిరుగుతయి. కొనేటాయనకి ఒకే ప్లాట్ 38కి ఒకరు, 35కి ఒకరు చెప్తే ఏమనుకుంటడు? ఓనర్‌కి అర్జెంట్ అనుకుంటడు. ఆగితే ఇంకా తగ్గుద్దనుకుంటడు. ఒక్కరికే 2 నెలలు ఇయ్యండి, కాకపోతే మార్చండి.

ఉప్పల్‌వాసి
ఆ ఒక్కడు నువ్వే అయితే బాగుంటుందని కదా అన్నా నీ బాధ.

సైట్_మల్లేష్
అదీ ఉంది 🙂

కొత్తపేట_వకీలు
ఎంతమందికి ఇచ్చినా సరే, ఒక తెల్లకాగితం మీద ఇంత రాసుకుంటే చాలు. కమీషన్ ఎంత శాతం, ఏ ధర మీద. ఎవరి వైపు నుంచి తీసుకుంటున్నాడు. కొనేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటే ఆ సంగతి మీకు చెప్పాలి. డబ్బు రిజిస్ట్రేషన్ రోజునే, చెక్కు చేతికి వచ్చాక. బయానా కొనేవాళ్ల ఖాతా నుంచి మీ నాన్నగారి ఖాతాకే రావాలి, మధ్యలో ఎవరి ఖాతా ఉండకూడదు. ఇంతకుముందే మీకు తెలిసినవాళ్లు, చుట్టుపక్కల వాళ్లు కొంటే కమీషన్ లేదు, వాళ్ల పేర్లు ముందే రాసివ్వండి. గడువు తేదీ వేయండి. "మా తరఫున అగ్రిమెంట్ చేసే అధికారం లేదు" అనే వాక్యం తప్పకుండా ఉండాలి.

జీఎస్టీ నంబర్ ఉన్న ఏజెంట్ అయితే కమీషన్ మీద 18 శాతం అదనం. అది కలిపా, విడిగానా అన్నది కూడా అడగండి.

నాన్నగారు ప్రయాణం చేయలేకపోతే మీ పేరు మీద, ఈ ఒక్క ప్లాట్‌కి మాత్రమే, రాజమండ్రిలో స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రిజిస్టర్ చేయించుకోవచ్చు. కానీ ఆయన ఓపిగ్గా ఉంటే స్వయంగా రావడమే మేలు. పవర్ పట్టాతో అమ్మితే కొనేవాళ్ల బ్యాంకు పది ప్రశ్నలు వేస్తుంది.

శైలజ_బెంగళూరు
ఆయన వస్తానంటున్నారు, ప్లాట్ చూడాలని ఉందట. వచ్చే శనివారం ఇద్దరం హైదరాబాద్ వస్తున్నాం. మల్లేష్ గారూ, కొలతలకి మీరు రాగలరా? ప్రైవేట్ మెసేజ్ పెట్టాను.

సైట్_మల్లేష్
వస్త మేడం. లేఅవుట్ ప్లాన్ జిరాక్స్ రెండు కాపీలు తెండి, టేపు నేను తెస్త. పొద్దున ఏడింటికల్లా మొదలుపెడదాం, నాన్నగారికి ఎండ తగలకుండా. కమీషన్ సంగతి కొలతలయినాక మాట్లాడుకుందాం.

ఉప్పల్‌వాసి
అయ్యాక కాదు, ముందే.

సైట్_మల్లేష్
సరే అన్నా, ముందే. కొలతలు ఫ్రీ, అమ్మితే 1 శాతం. శనివారం కాగితం మీద రాసిస్త.